అమ్మకి కొంచెం బాలేదు

శుక్రవారం తెల్లవారకముందే సాల్మన్ గోనె సంచులను బక్కెట్లో నానబెట్టాడు. ఆ రోజు అతని పథకం చాలా చిన్నది. కిటికీలకు తడి సంచులు కట్టి, వాటి ముందు టేబుల్ ఫ్యాను పెట్టి, తల్లి వీరమ్మను పగలంతా ఆ గాలికి పడుకోబెట్టాలి. ఆ తరువాత నిశ్చింతగా డ్యూటీకి వెళ్ళాలి. నిశ్చింతగా వెళ్ళడం అతని వల్ల ఎప్పుడూ కాలేదు గాని, ఆ రోజు అవుతుందని గట్టిగా నమ్మాడు.

సాల్మన్ ప్రత్తిపాడు దగ్గర ఒక మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. చదువు అతనికి ఉద్యోగంతో పాటు ఒక బెంగను కూడా తెచ్చింది. బయట నలభై అయిదు డిగ్రీలు కాస్తున్నప్పుడు, ఎవరి పొలంలోనో పండిన మిరపకాయలు ఆరు డిగ్రీల చలిలో హాయిగా ఉండేలా చూసుకోవడం అతని పని. సాయంత్రం ఇంటికొస్తే కన్నతల్లి సిమెంటు రేకుల కింద ఆవిరి కుడుములా కనిపించేది. తండ్రి ఇలాంటి మే నెలలోనే మిరప కళ్ళంలో కూలబడి మళ్ళీ లేవలేదు. ఇప్పుడు తల్లి ఒక్క పూట అన్నం తక్కువ తిన్నా సాల్మన్ ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాడు.

ఏసీ సంగతి చలికాలంలోనే మొదలుపెట్టాడు. స్టోరేజీలో యంత్రాలు బాగుచేసే ప్రేమ్‌చంద్‌ను ఇంటికి తీసుకొచ్చాడు. అతను మీటరు వైపూ, రేకుల వైపూ చూసి, "పెట్టొచ్చన్నా. కాకపోతే స్విచ్చేసిన రోజున మీ వీధంతా చీకటైపోయిద్ది" అన్నాడు. వైరింగు మార్పిద్దామన్నాడు సాల్మన్. కాని అసలు అడ్డంకి వైరింగు కాదు, వీరమ్మ.

"నాకెందుకురా ఏసీ," అంది ఆవిడ. "మనిషి మిషన్లో చల్లగా పడుకునేది ఒక్కసారే. అది కూడా మనకి తెలియకుండా. అప్పుడు ఎట్టాగూ పెట్టె తెస్తారుగా."

"అమ్మా, ఎందుకు అట్టాంటి మాటలు?"

"ఉన్నమాటేగా. మా చిన్నప్పుడు కిటికీకి గోనెపట్టా తడిపి కట్టేవోళ్ళు. అది కట్టు, పడుకుంటా."

సాల్మన్‌కు ఆ మాట చాలు. మేనేజరు రామకాంత్‌ను అడిగి, పక్కన పడేసిన ఖాళీ సంచులు కొన్ని తెచ్చుకున్నాడు. అవి తేజ రకం మిరపకాయలు నిలవ ఉంచిన సంచులు. ఘాటుకు పేరుపడ్డ రకం అది. ఆ సంగతి సాల్మన్ బుర్రకు తెలుసు గాని, ముక్కుకు తెలియదు. ఏళ్ళ తరబడి మిరప బస్తాల మధ్య తిరిగిన ముక్కు అది. ఏనాడో పని మానేసింది.

"ఏవండీ, ఘాటుగా లేదూ?" అంది అతని భార్య మహిమ, వరసగా తుమ్ముతూ.

సాల్మన్ ఒక సంచిని ముఖానికి ఆనించుకుని గట్టిగా పీల్చాడు. "ఏం లేదే. గోనె వాసన, అంతే."

"మీ ముక్కుని నమ్ముకుని మొన్న పప్పు మాడ్చుకున్నాం."

"రెండు నీళ్ళల్లో జాడించాను మహీ. నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఆరకుండా చూడు. మధ్యమధ్యలో నీళ్ళు చల్లుతూ ఉండు."

ఫ్యాను వేశారు. తడి సంచి మీదుగా వచ్చిన గాలి నిజంగానే చల్లగా తగిలింది. వీరమ్మ మంచం మీద వాలి, "చెప్పానా" అని ఒక్క మాటతో ఏసీ కంపెనీలన్నిటినీ కొట్టిపారేసింది. సాల్మన్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, సంచుల మీద ఇంకో చెంబు నీళ్ళు పోసి, అప్పుడు డ్యూటీకి వెళ్ళాడు.

ఎండ ముదిరేవేళకు చర్చి సంఘంలోని ఆడవాళ్ళు ఉపవాస ప్రార్థనకు వచ్చారు. శుక్రవారం కూటం వంతులవారీగా ఒక్కో ఇంట్లో జరుగుతుంది. ఆ వారం వంతు మహిమది. అందరూ ఎప్పటిలాగే తెల్లచీరలు కట్టుకుని, బైబిళ్ళు చంకన పెట్టుకుని వచ్చారు. వాళ్ళు అలా కూర్చున్నారో లేదో కరెంటు పోయింది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగా తాను లేచి వెళ్ళి కిటికీల మీద నీళ్ళు చల్లడం మహిమకు మర్యాదగా తోచలేదు. ఈ పాట అయ్యాక, ఈ వాక్యం అయ్యాక అనుకుంటూ కూర్చుంది. ఈలోగా సంచులు అప్పడాల్లా ఎండిపోయాయి.

"తండ్రీ, ఈ ఎండల్లో మా మీద నీ చల్లటి గాలి పంపించు" అని ప్రార్థించింది కూటం నడిపిస్తున్న పెద్దామె.

కరెంటు వచ్చింది. ఫ్యాను మూడో నంబరు మీద ఉంది.

మొదట పెద్దామె గొంతు వణికింది. భక్తితో వణికిందని మిగిలినవాళ్ళు అనుకున్నారు. తరువాత పక్కనున్నామె వెక్కింది. ఆ వెనకామె ముక్కు చీదింది. కాసేపట్లో అందరి కళ్ళ వెంటా నీళ్ళు ధారకట్టాయి. ఇంతగా మనసు కరిగించిన ప్రార్థన ఈ మధ్య జరగలేదని ఎవరికి వాళ్ళకే అనిపించింది. మంచం మీద వీరమ్మకు పొలమారి దగ్గు తెరలు తెరలుగా వస్తే గాని మహిమ కళ్ళు తెరవలేదు. తెరిచిన వెంటనే మళ్ళీ మూసుకోవలసి వచ్చింది.

"లేవండి, లేవండి. ఇది కారం. ముందు అత్తయ్యని బయటికి తీసుకెళ్దాం, పట్టండి."

అందరూ కలిసి వీరమ్మను మంచంతో సహా ఎత్తి, వాకిట్లో వేపచెట్టు కింద పెట్టారు. కళ్ళు మండుతున్నాయంటే ముఖం మీద తడి తుండుగుడ్డ కప్పారు. ఆ చల్లదనానికి ఆవిడ అలాగే నిద్రపోయింది. ఆడవాళ్ళు మంచం చుట్టూ కూలబడి, పైట చెంగులతో కళ్ళు ఒత్తుకుంటూ, ముక్కులు చీదుకుంటూ ఉండిపోయారు.

సరిగ్గా అప్పుడే వీధి మలుపులోకి చెంచురామయ్య మోపెడ్ వచ్చింది.

చెంచురామయ్య మిరప రైతు. ఆయన చేలో వీరమ్మ చాలా ఏళ్ళు కోతలకు వెళ్ళింది. ఆవిడంటే ఆయనకు అభిమానం. ఆ రోజు ఆయన మేనల్లుడి పెళ్ళి మాటలకని పొన్నూరు బయలుదేరాడు. మలుపు తిరగగానే వాకిట్లో మంచం, ముఖం కప్పేసిన మనిషి, చుట్టూ తెల్లచీరల్లో ఏడుస్తున్న ఆడవాళ్ళు కనబడ్డారు. బ్రేకు వేశాడు. మామూలు రోజైతే దగ్గరికి వెళ్ళి ఓదార్చేవాడే. కాని శుభకార్యానికి వెళుతూ చావింటి గుమ్మం తొక్కితే, ఇంటికి తిరిగిపోయి తలస్నానం చేసి గాని కదలకూడదు. అందుకని దూరం నుంచే చేతులు జోడించి, కళ్ళు తుడుచుకుని, మోపెడ్ వెనక్కి తిప్పాడు. పక్క వీధిలోకి వెళ్ళి ఫోన్లు మొదలుపెట్టాడు.

"రామకాంత్‌గారూ, మీ దగ్గర చేసే సాల్మన్ వాళ్ళమ్మకి కొంచెం బాలేదండి."

"అయ్యో. ఎంత బాలేదండీ?"

"వాకిట్లో పడుకోబెట్టారు."

రామకాంత్ ఇంకేమీ అడగలేదు. ఆ వైపు ఎవరూ చావు కబురును చావు కబురులా చెప్పరు. వినేవాడి గుండె ఆగిపోతుందని భయం. కొంచెం బాలేదు, సీరియస్‌గా ఉంది, ఒకసారి వచ్చి చూసి వెళ్ళండి అంటారు. అర్థం చేసుకోవడం వినేవాళ్ళ బాధ్యత. చెంచురామయ్య ఆ మాటే చర్చి పాస్టరు జక్రయ్యకు కూడా చెప్పాడు. ఆయనా అర్థం చేసుకున్నాడు.

సాల్మన్ అప్పుడు చలిగదిలో మంకీక్యాప్ పెట్టుకుని బస్తాలు సర్దిస్తున్నాడు. ఆ గోడల మధ్య సెల్‌ఫోన్ సిగ్నల్ రాదు. మనిషిని పంపి బయటికి పిలిపించాడు రామకాంత్. భుజం మీద చెయ్యి వేశాడు. పనిలో చేరిన నాటి నుంచి ఆయన సాల్మన్ భుజం మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి.

"సాల్మన్, నువ్వు ఇంటికెళ్ళు. అమ్మకి కొంచెం బాలేదంట."

"ఏమైంది సార్?"

"ఏం కాలేదు. కొంచెం బాలేదంతే. బండి నువ్వు నడపొద్దు. ప్రేమ్‌చంద్ ట్రాలీ ఆటో అటే వెళ్తోంది, ఎక్కు. తొందరేం లేదు, నెమ్మదిగా వెళ్ళండి."

తొందరేం లేదన్న మాట వినగానే సాల్మన్ మంకీక్యాప్ తీయడం కూడా మరిచిపోయి ఆటో వైపు పరుగెత్తాడు.

ప్రేమ్‌చంద్‌కు యంత్రాల పనితో పాటు ఇంకో వ్యాపారం ఉంది. చనిపోయినవాళ్ళను ఉంచే ఫ్రీజర్ బాక్సులు అద్దెకిస్తాడు. ట్రాలీలో దుప్పటి కప్పిన పొడవాటి పెట్టె ఉంది. ముందు సీట్లో చోటు లేక సాల్మన్ దాని పక్కనే కూర్చున్నాడు. పెట్టె వైపు నుంచి సన్నగా చల్లటి గాలి వస్తోంది.

"ఇది ఎవరింటికి?" అన్నాడు సాల్మన్, సమాధానం వద్దనుకుంటూనే.

"దగ్గరేలే అన్నా," అన్నాడు ప్రేమ్‌చంద్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

సాల్మన్ ఇంటికి ఫోన్ చేశాడు. మహిమ ఎత్తింది గాని, ఆమె గొంతు ఆమెది కాదు.

"అమ్మ ఎట్టా ఉంది?"

"బయట... పడుకోబెట్టామండి." దగ్గు. "ఊపిరాడలేదు... లోపల ఉంచలేకపోయాం..." మళ్ళీ దగ్గు, ముక్కు చీదిన చప్పుడు. "మీ సంచుల వల్లే... నేను ముందే అన్నాను..."

ఆపైన మాట్లాడలేక ఆమె ఫోన్ పెట్టేసింది. సాల్మన్ తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు. పొద్దున ఆ సంచులు కట్టిన చేతులు. తండ్రిని ఎండ తీసుకుపోయింది, తల్లిని నేనే పంపించానా అనుకున్నాడు. సింగరాయకొండలో ఉన్న అక్క ఏస్తేరుకు చెప్పాలి కదా అని ఫోన్ కలిపాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే అనుకున్నాడు. నోరు తెరిస్తే మాత్రం వేరే మాట వచ్చింది.

"అక్కా, అమ్మకి కొంచెం బాలేదు. నువ్వొకసారి బయలుదేరు."

"కొంచెమే కదరా?" అంది ఏస్తేరు. తరువాత ఆమె ఏడుపు వినబడింది. సాల్మన్ ఆటో చువ్వకు తల ఆనించాడు. అప్పుడే ఊరి వైపు నుంచి చర్చి గంట మోగడం మొదలైంది. పెద్దవయసు వాళ్ళు పోతే మోగించినట్టు, ఆగి ఆగి, ఒక్కొక్క దెబ్బ.

ఆ గంట వేపచెట్టు కింద వీరమ్మకూ వినబడింది. ఆవిడ ముఖం మీది గుడ్డ తీసి లేచి కూర్చుంది.

"ఎవరో పోయారే," అంది.

వినేవాళ్ళు లేరు. ఆడవాళ్ళంతా పెరట్లో కుళాయి దగ్గర కళ్ళు కడుక్కుంటున్నారు. వీరమ్మ కాసేపు లెక్క వేసింది. చర్చి వెనక ఇంట్లో పక్షవాతంతో ఉన్న ముసలాయన అయి ఉండాలి. లేకపోతే చెరువు వీధిలో ఆయాసంతో ఉన్నామె. ఊళ్ళో ఎవరు పోయినా స్నానం చేయించడానికి మొదట చెయ్యి వేసేది వీరమ్మే. ఈ మధ్య ఎండలని కొడుకు వెళ్ళనివ్వడం లేదు. ఇప్పుడు కొడుకు లేడు. చెంగు తల మీదికి లాక్కుని, చెప్పుల కోసం వెతికి, దొరకక, వెనక సందులో నుంచి చర్చి వైపు నడిచింది. మిట్టమధ్యాహ్నం. సందులో కుక్క కూడా లేదు.

ట్రాలీ ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. సాల్మన్ దిగాడు. మంచం ఖాళీగా ఉంది. దాని మీద తడి తుండుగుడ్డ సగం ఆరి ఉంది. మహిమ పెరట్లోంచి వచ్చింది, కళ్ళు రెండూ పండు మిరపకాయల్లా ఉన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ప్రేమ్‌చంద్ పెట్టె మీది దుప్పటి మడతపెడుతూ, పనివాడి గొంతుతో అడిగాడు.

"బాడీ ఎక్కడుందన్నా?"

"ఏ బాడీ?" అంది మహిమ.

"అమ్మగారిది."

"అత్తయ్యకేమైంది? ఇక్కడే పడుకుని గుర్రు పెడుతుంటే!"

సాల్మన్ మంచం పట్టె మీద కూలబడ్డాడు. పోలేదు. అమ్మ పోలేదు. ఆ సంతోషం అతని లోపల పూర్తిగా నిండనే లేదు, ఇంకో సంగతి తోచి మళ్ళీ లేచి నిలబడ్డాడు. "మరి ఎక్కడుంది?"

లోపల లేదు. పెరట్లో లేదు. పక్కిళ్ళలో లేదు. గడపవారన ఆవిడ చెప్పులు ఉన్నాయి. సాల్మన్ తల ఎత్తి చూస్తే ఎండ తెల్లగా మండుతోంది. పోయిందనుకున్నప్పుడు కనీసం వేపచెట్టు నీడలో ఉందనుకున్నాడు. బతికున్న మనిషి చెప్పుల్లేకుండా ఈ ఎండలో ఎక్కడో నడుస్తోంది. దారిలో పడ్డ భయం కంటే ఇది పెద్దదని అతనికి అర్థమైంది.

"గంట," అంది మహిమ ఉన్నట్టుండి. "గంట వినబడి వెళ్ళుంటది. ఎవరు పోయారో చూడ్డానికి."

అందరూ ట్రాలీ ఎక్కారు. పెట్టె దించే తీరిక లేక దాన్ని కూడా తీసుకుపోయారు.

చర్చిలో పాస్టరు జక్రయ్య గంట తాడు లాగుతున్నాడు. ఇంకో దెబ్బకు చేతులు ఎత్తినప్పుడు గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగి చూశాడు. తాడు చేతిలోంచి జారిపోయింది.

"వందనాలండి అయ్యగారూ," అంది వీరమ్మ ఆయాసపడుతూ. "ఎవరండీ పోయింది?"

జక్రయ్య ఊగుతున్న తాడు వైపూ, ఆవిడ వైపూ మార్చి మార్చి చూశాడు. "అంటే... కొంచెం బాలేదన్నారమ్మా."

"ఎవరికి?"

"నీకే."

వీరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నేను బానే ఉన్నానండి" అని, ఆ మాట ముగుస్తుండగానే గోడకు ఆనుకుని కిందికి జారిపోయింది.

సాల్మన్ లోపలికి వచ్చేసరికి పాస్టరు ఆవిడ ముఖం మీద నీళ్ళు చల్లుతున్నాడు. సాల్మన్ తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. పెనం మీద పెట్టినట్టుంది. చెమట లేదు. పెదవులు ఎండిపోయాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గాని ఎవరినీ చూడడం లేదు. కళ్ళంలో తండ్రి ముఖం ఇలాగే ఉందని అతనికి గుర్తొచ్చింది. మహిమ ఊరి నర్సు సిద్దికాకు ఫోన్ చేసింది. సిద్దికా మాటలు అందరికీ వినబడ్డాయి.

"నేను బయలుదేరా. ఈలోగా మెడ మీద, చంకల్లో, గజ్జల్లో బాగా చల్లటి తడిగుడ్డలు పెట్టండి. మామూలు నీళ్ళు చాలవు, వేడెక్కిపోయుంటాయి. ఐసు ఉందా?"

చర్చి కుళాయి విప్పితే టీ కాచుకునేంత వేడిగా వచ్చాయి నీళ్ళు. ఐసు ఎవరింట్లోనూ లేదు. పొద్దున కరెంటు కోతకు ఫ్రిజ్‌లన్నీ కరిగి కూర్చున్నాయి. సాల్మన్ అటూ ఇటూ చూశాడు. అతని చూపు గుమ్మం బయట ట్రాలీ మీద ఆగింది.

"ప్రేమ్, అది చల్లగా ఉందా?"

"ఎవరడుగుతారోనని పొద్దుట్నించీ స్టోరేజీలో ఆన్‌లోనే పెట్టి ఉంచానన్నా. లోపల పళ్ళెం మీద మంచు కట్టి ఉండిద్ది."

పెట్టె దించారు. చర్చి ప్లగ్గులో పెట్టారు. తెల్లచీరల ఆడవాళ్ళు తుండుగుడ్డలు తడిపి చల్లటి పళ్ళెం మీద పరిచి, బిగిసేవరకు ఉంచి, తీసి వీరమ్మ మెడకు, చంకలకు పెట్టారు. అవి వేడెక్కగానే మళ్ళీ వేరేవి. జక్రయ్య గంట సంగతి మరిచిపోయి అట్టముక్కతో విసురుతున్నాడు. సాల్మన్ తల్లి అరిచేతులు పట్టుకుని కూర్చున్నాడు. చివరికి ఆవిడ వేళ్ళు అతని వేళ్ళను తిరిగి పట్టుకున్నాయి.

"హాయిగా ఉందిరా," అంది వీరమ్మ కళ్ళు తెరవకుండానే. "ఇప్పుడు కట్టావు చూడు, అసలైన గోనెపట్టా."

సిద్దికా వచ్చి నాడి చూసింది, ఓఆర్‌ఎస్ తాగించింది, గండం గడిచిందని చెప్పింది. వెళ్ళేముందు సాల్మన్ వైపు వేలు చూపించి, "ఆ రేకుల కింద మాత్రం పడుకోబెట్టొద్దు. చల్లగా ఉంచు" అంది. చల్లగా ఉంచడం కోసమే ఇదంతా జరిగిందని అతను ఆవిడకు చెప్పలేదు.

ఎండ వాలాక వీరమ్మ మంచం మళ్ళీ వేపచెట్టు కిందికి వచ్చింది. దాని పక్కన పెట్టె, పెట్టె మూత తెరిచి దాని మీదుగా టేబుల్ ఫ్యాను. ఎవరో చెబితే గాని ఆ పెట్టె ఏమిటో ఆవిడకు తెలియదనుకున్నాడు సాల్మన్.

"ఇదేంది, పెట్టె కదా," అంది ఆవిడ దాన్ని తట్టి. "ఎవరికి తెచ్చారు?"

వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారిగా చూడడానికి వేరే చోట్లు దొరికాయి. వీరమ్మకు కొంత అర్థమైంది. మిగతాది అడగలేదు. చెయ్యి లోపల పెట్టి చూసింది. కాసేపు అలాగే ఉంచింది.

"నేననుకున్నంత చెడ్డదేం కాదు," అంది. "మహిమా, ఆ మజ్జిగ ముంత ఇందులో పెట్టు. పుచ్చకాయ కూడా."

పలకరింపుకు వచ్చినవాళ్ళందరికీ చల్లటి మజ్జిగ దొరికింది. పొన్నూరు నుంచి తిరిగొస్తూ చెంచురామయ్య వీధి మలుపులోనే ఆగి, మంచం మీద కూర్చుని మజ్జిగ తాగుతున్న వీరమ్మను చూశాడు. ఈసారి శుభకార్యం అడ్డం లేకపోయినా దగ్గరికి రాలేదు.

చీకటి పడుతుండగా సింగరాయకొండ నుంచి ఏస్తేరు దిగింది. అమ్మ బాగానే ఉందని ఆమెకు మళ్ళీ ఫోన్ చేయడం ఆ హడావిడిలో సాల్మన్ మరిచేపోయాడు. చేతిలో పూలదండ. దారి పొడుగునా ఏడ్చి గొంతు పోయింది. వాకిట్లో ఫ్రీజర్ బాక్సు చూడగానే ఇంకెవరినీ చూడలేదు, "అమ్మా" అని వెళ్ళి దాని మీద పడింది.

"మెల్లగా పడవే," అంది వెనక మంచం మీద నుంచి వీరమ్మ. "మజ్జిగ ఒలుకుద్ది."

సాల్మన్ ఆ రాత్రే గోనె సంచులు విప్పి, ఊరవతల పారేసి వచ్చాడు. రోహిణి కార్తె ఇంకా పోలేదు. పెట్టె ఎప్పుడు తీసుకెళ్ళమంటారని ప్రేమ్‌చంద్ ఫోన్ చేసినప్పుడల్లా వీరమ్మే ఫోన్ అందుకుని, తనకు ఇంకా కొంచెం బాలేదని చెబుతోంది.